లినక్సు విడిచిన పుట్టినిల్లు

ఇల్లు కట్టించిన వారి పేరు గుమ్మము మీద చెక్కుదురు. ఏటేట వానకాలమునకు ముందు కప్పు ఎక్కి పెంకులు సర్దిపోవు వాని పేరు ఎక్కడను కనిపించదు. కంప్యూటర్ల లోకములోను ఇట్టి పనివారు కలరు. తెర మీద కనిపించు వింతలన్నిటికి అడుగున, ప్రాసెసరు అను యంత్రభాగమును ఆనుకొని, కొన్ని వేల పంక్తుల కోడు ఉండును. దానిని వ్రాయుట ఒక పని. వ్రాసిన దానిని దశాబ్దముల తరబడి చెడకుండ కాచుకొనుట మరియొక పని. ఈ రెండవ పనిలో ఎంత శ్రమ ఉన్నదో, ఎట్టి ధర్మసంకటము ఉన్నదో, లినక్సు అను ఆపరేటింగ్ సిస్టము చరిత్రలో 2012 డిసెంబరులో జరిగిన ఒక సంఘటన చక్కగా తెలుపును. ఆ నెలలో లినక్సు తాను పుట్టిన ప్రాసెసరునే విడిచిపెట్టినది.

యంత్రమును తాకు చోటు

ఆపరేటింగ్ సిస్టమునకు నడిబొడ్డున ఉండు భాగమును కెర్నెలు అందురు. ఏ ప్రోగ్రాము ఎంతసేపు నడువవలెను, దేనికి మెమరీలో ఎంత చోటు ఈయవలెను, డిస్కు మీద ఏది ఎక్కడ ఉండవలెను - ఈ పంపకములన్నియు దాని చేతిలో ఉన్నవి. వీనిలో అధికభాగమునకు ప్రాసెసరు ఏదియైనను ఒకటే. ఫైలును భద్రపరచు పద్ధతి అన్ని యంత్రముల మీద ఒకే తీరున సాగును. కాని కొన్ని పనులు ప్రాసెసరు స్వభావము తెలియనిదే సాగవు.

ఒక విద్యార్థి నల్లబల్ల మీద పెద్ద లెక్క చేయుచుండగా, మధ్యలో ఆ బల్లను మరియొకనికి ఈయవలసి వచ్చినదనుకొనుడు. మొదటివాని అంకెలన్నిటిని ఒక కాగితము మీదికి ఎక్కించి, బల్ల తుడిచి, రెండవవానికి ఈయవలెను. మరల మొదటివాని వంతు వచ్చినప్పుడు ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్లు బల్ల మీద వ్రాయవలెను. ప్రాసెసరులోని రిజిస్టర్లు ఆ నల్లబల్ల వంటివి. ఒకే ప్రాసెసరు మీద పది ప్రోగ్రాములు వంతులవారీగా నడచుచున్నవనిన, సెకనుకు ఎన్నోమార్లు ఈ ఎత్తిపోతలు జరుగుచున్నవని అర్థము. ఒక్క అంకె తారుమారైనను ప్రోగ్రాము కూలిపోవును. కొన్నిమార్లు కూలిపోకుండ తప్పు ఫలితము ఇచ్చును. అది మరింత ప్రమాదము.

ఏ ప్రాసెసరులో ఎన్ని రిజిస్టర్లు ఉన్నవి, మీట నొక్కినప్పుడు వచ్చు ఇంటరప్టును ఎట్లు అందుకొనవలెను, మెమరీ పట్టికలను ఏ రూపములో ఉంచవలెను అను విషయములు ఒక్కొక్క ప్రాసెసరు జాతికి ఒక్కొక్క తీరున ఉండును. అందువలన లినక్సు కోడులో ప్రతి జాతికి ఒక ప్రత్యేకమైన అర ఏర్పాటు చేసిరి. పైనున్న కెర్నెలంతయు ఈ అరలను నమ్ముకొని నిలిచి యున్నది.

హెల్సింకీలో జననము

1991లో ఫిన్లండు దేశమున, హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ తన సొంత కంప్యూటరు మీద ఈ కెర్నెలును వ్రాయ నారంభించెను. ఆ కంప్యూటరులోనిది ఇంటెల్ సంస్థవారి 386 ప్రాసెసరు. 1985లో వెలువడిన ఆ ప్రాసెసరులో 2,75,000 ట్రాన్సిస్టర్లు ఉండెను. ఒక ప్రోగ్రాము మెమరీలోనికి మరియొకటి చొరబడకుండ కాపాడు శక్తి దానికి కలదు. ఇట్టి కెర్నెలును వ్రాయుటకు ఆ శక్తియే ఆధారమైనది.

ఆ యేడు ఆగస్టు 25వ తేదీన తన ప్రయత్నమును ప్రకటించుచు టోర్వాల్డ్స్, ఇది 386 లక్షణముల మీద ఆధారపడినదనియు, ఇతర యంత్రములకు తరలింప వీలుకానిదనియు స్వయముగా తెలిపెను. సెప్టెంబరులో వెలువడిన మొదటి కూర్పు సుమారు 10,000 పంక్తులు మాత్రమే. కాని కర్త తలచినదొకటి, జరిగినదొకటి. 1995 మార్చిలో వెలువడిన 1.2 కూర్పు నాటికి ఆల్ఫా, మిప్స్, స్పార్క్ అను మూడు వేరు జాతుల ప్రాసెసర్లకు అందులో చోటు ఏర్పడినది. తరలింప రాదనుకొన్నది తరలిపోయినది. అందరికి వర్తించు కోడు పైకి, ఒక్కొక్క యంత్రమునకే చెందు కోడు అరలలోనికి చేరుట స్థిరపడినది.

అరలు పెరిగిన కొలది కాపలా పెరిగినది. ఇంటెల్ జాతిలోనే 32 బిట్ల ప్రాసెసర్లకు ఒక అర, 64 బిట్ల ప్రాసెసర్లకు ఒక అర చాలకాలము వేరువేరుగా నడచినవి. రెండింటిలోను చాల భాగము ఒకే పోలిక గలది. ఒకదానిలో దిద్దిన తప్పును రెండవదానిలో మరల దిద్దవలెను. మరచినచో అది అక్కడనే ఉండిపోవును. థామస్ గ్లైక్స్‌నర్, ఇంగో మోల్నార్ మొదలగువారు 2007లో ఈ రెండింటిని ఒకటిగా కలిపిరి. 2008 జనవరిలో వెలువడిన 2.6.24 కూర్పులో ఆ మార్పు చేరినది. దాని వలన వాడుకరికి కొత్త సౌకర్యమేదియు కనిపింపలేదు. సంరక్షణ అనగా ఇట్టి పనియే.

రెండు కొరతలు

పుట్టినింటి ప్రాసెసరు కాలక్రమమున ఎందులకు బరువైనదో తెలియుటకు దానిలోని రెండు కొరతలను చూడవలెను.

ఒక సహకార సంఘము లెక్కల పుస్తకములో నిలువ 100 రూపాయలు ఉన్నదనుకొనుడు. ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి 100 అని చదివి, ఒకడు 10 కలిపి 110 అని వ్రాసెను. మరియొకడు 20 కలిపి దాని మీద 120 అని వ్రాసెను. పది రూపాయలు గల్లంతైనవి. కెర్నెలులోని లెక్కలకు కూడ ఈ గండము ఉన్నది. 1989లో వచ్చిన 486 ప్రాసెసరులో దీనికి ఒక ఆదేశము చేర్చిరి. "ఇంకను 100 యే ఉన్నదా? ఉన్నచో 110 వేయుము" అను పరీక్షయు వ్రాతయు అందులో విడదీయరాని ఒకే పనిగా జరుగును. 386లో ఈ ఆదేశము లేదు. దానికి బదులుగా కెర్నెలు ఇంటరప్టులు రాకుండ తలుపు మూసి, పోల్చి, వ్రాసి, మరల తలుపు తెరువవలసి వచ్చెను. ఒక్క ప్రాసెసరు గల యంత్రమున ఇది చెల్లును. కాని కెర్నెలు రచయితలు ఈ ఆదేశము మీద ఆధారపడి కొత్త ఉపాయము చేసినప్పుడెల్ల "386 సంగతి ఏమి?" అను ప్రశ్న వెంట వచ్చుచుండెను.

రెండవ కొరత ఇంకను సూక్ష్మమైనది. కెర్నెలు మెమరీని పుటలుగా పంచును. ఒక ప్రోగ్రాము తన వంటి మరియొకదానిని పుట్టించునప్పుడు, పుటలన్నిటికి వెంటనే నకలు తీయుట దండుగ. అందుచేత ఇద్దరికి అవే పుటలు చూపి, "చదువవచ్చును, వ్రాయరాదు" అని ముద్ర వేయును. ఎవరైనను వ్రాయబోయినచో ప్రాసెసరు అడ్డగించి కెర్నెలుకు కబురు పంపును. అప్పుడు మాత్రమే కెర్నెలు ఆ ఒక్క పుటకు నకలు తీసి యిచ్చును. ఈ ఏర్పాటంతయు ప్రాసెసరు అడ్డగించునను నమ్మకము మీద నిలిచినది. 386 సామాన్య ప్రోగ్రామును అడ్డగించును గాని, కెర్నెలే వ్రాయబోయినచో ఊరకుండును. పిల్లలను ఆపి ప్రధానోపాధ్యాయుని ఆపని కాపలావాని వంటిది. ఒక ప్రోగ్రాము కోరికపై కెర్నెలు డిస్కు నుండి చదివిన సమాచారమును అట్టి ఉమ్మడి పుటలో వ్రాసినచో, ఏ పాపమెరుగని రెండవ ప్రోగ్రాము పుట కూడ పాడగును. కావున 386 కొరకు తయారుచేసిన కెర్నెలులో, వ్రాయు ముందు పుటను పరీక్షించు కోడును ప్రత్యేకముగా పెట్టవలసి వచ్చెను. 486లో ఈ లోపమును సవరించిరి.

కొత్త యంత్రముల కొరకు తయారుచేసిన కెర్నెలులో ఈ అదనపు పరీక్షలు ఉండెడివి కావు. కావున వాడుకరులకు వేగములో నష్టము లేదు. బరువంతయు వ్రాయువారి మీదనే పడినది. మార్పు చేయువాడు రెండు దారులను తలలో ఉంచుకొనవలెను. అందులో ఒక దారిని పరీక్షించుటకు యంత్రము దొరకుట దుర్లభము. ఇంటెల్ సంస్థయే 2007లో 386 తయారీని నిలిపివేసినది.

వీడ్కోలు

2012 డిసెంబరులో, హెచ్. పీటర్ ఆన్విన్ సిద్ధపరచిన మార్పులను ఇంగో మోల్నార్ టోర్వాల్డ్స్‌కు సమర్పించెను. అవి 386 కొరకు ఉంచిన కోడును తీసివేయు మార్పులు. 1991 నాటి మీ సొంత యంత్రము మీద ఇకపై కొత్త లినక్సు నడువదని మోల్నార్ కొంత విచారము కనబరచుచు గుర్తుచేసెను. తనకు అట్టి మమకారము లేదని బదులు చెప్పి టోర్వాల్డ్స్ అంగీకరించెను. 2013 ఫిబ్రవరిలో వెలువడిన 3.8 కూర్పు 386 మీద నడువని మొదటి లినక్సు.

386 యంత్రము గలవారి పక్షమున కూడ ఒక మాట చెప్పవలసి యున్నది. వారు ఏ తప్పును చేయలేదు. వారి యంత్రము నిన్న పనిచేసినట్లే నేడును పనిచేయుచున్నది. పాత కెర్నెళ్లను ఎవరును వారి నుండి లాగుకొనలేదు. కాని పాత కూర్పులకు మరమ్మతులు కొన్నేండ్లే జరుగును, ఆపై భద్రతాలోపములు అట్లే మిగులును. కొద్దిమంది కొరకు అందరును శ్రమపడుట న్యాయమా, లేక అందరి సౌకర్యమునకు కొద్దిమందిని విడుచుట న్యాయమా? ఈ ప్రశ్నకు తూకపురాళ్లతో సమాధానము దొరకదు.

అయిదేండ్లు గడచిన తరువాత జరిగినది చూచిన ఈ నిర్ణయములోని బరువు తెలియును. 2018 జనవరి 3వ తేదీన మెల్ట్‌డౌన్ అను లోపము లోకమునకు వెల్లడియైనది. అప్పటి ఇంటెల్ ప్రాసెసర్లలో పెక్కింటియందు, సామాన్య ప్రోగ్రాము కెర్నెలు రహస్యములను చాటుగా గ్రహించుటకు వీలున్నదని తేలినది. అమ్ముడుపోయిన ప్రాసెసరును విప్పి బాగుచేయువారెవరు? కెర్నెలు అడుగుభాగమును కాచువారే దారి చూపిరి. ప్రోగ్రాము నడచునప్పుడు ఒక మెమరీ పట్టిక, కెర్నెలు నడచునప్పుడు వేరొక పట్టిక ఉండునట్లు చేసి, రాకపోకల గుమ్మముననే పట్టికలు మార్చు ఏర్పాటు చేసిరి. ఆ భారము ఎక్కువగా మోసినది 386ను సాగనంపిన శాఖయే. వారి చేతులలోని కాలము పరిమితమైనది. పాతదాని కొరకు వెచ్చించిన ప్రతి గంటయు ఇట్టి ఆపదకు దక్కని గంటయే.

అనాథలు, సంరక్షకులు

అట్లని పాతవన్నియు పోవలసినవే యను సూత్రము లేదు. లినక్సు కోడులో ఒక పట్టిక ఉన్నది. ఏ భాగమునకు ఎవరు సంరక్షకులో, ఆ సంరక్షణ ఏ స్థితిలో ఉన్నదో అందులో వ్రాసియుండును. సంరక్షకుడు లేని భాగము ఎదుట "అనాథ" అను అర్థమిచ్చు మాట ఉండును. ప్రాసెసరు జాతుల భవిష్యత్తును ఆ పట్టికలో చదువవచ్చును.

2001లో ఎన్నో ఆశలతో బజారుకు వచ్చిన ఇటానియం ప్రాసెసరు 2021లో ఆ పట్టికలో అనాథయైనది. 2023లో దాని కోడును కెర్నెలు నుండి తొలగించిరి. 2018లో ఆర్న్డ్ బర్గ్‌మన్ పూనికతో ఒకేసారి ఎనిమిది జాతులను తీసివేసిరి. వానిలో బ్లాక్‌ఫిన్, టైల్ వంటివి కలవు. వానికి వాడుకరులు గాని, శ్రద్ధ వహించు తయారీదారులు గాని మిగిలియుండలేదు. హెచ్8/300 అను జపాను ప్రాసెసరు కథ మరియు విచిత్రము. 2013లో దానిని తీసివేసిరి. ఆదరించువారు ముందుకు రాగా 2015లో మరల చేర్చిరి. ఆ ఆదరణయు సన్నగిల్లగా 2022లో రెండవమారు తీసివేసిరి.

దీనికి ఎదురుగా మోటరోలా 68000 కుటుంబమును నిలిపి చూడుడు. అమిగా, అటారి అను పాత కంప్యూటర్లలో వాడిన ఆ కుటుంబము 1979లో పుట్టినది. అనగా 386 కంటె పెద్దది, ఇటానియం కంటె ఒక తరము పాతది. అయినను 2025లోను లినక్సులో దానికి చోటున్నది. పై కోడులో మార్పు జరిగినప్పుడెల్ల తమ అరను దానికి అనుగుణముగా దిద్ది, పాత యంత్రముల మీదనో, వాటిని అనుకరించు ప్రోగ్రాముల మీదనో పరీక్షించి చూచువారు దానికి ఉన్నారు. వారు తమ భారమును ఇతరుల తల మీద పెట్టరు. అందుచేత దానిని తీసివేయుమని అడుగుటకు ఎవరికిని కారణము కనిపించదు.

ఇటానియం వెనుక పెద్ద సంస్థల ధనము నిలిచినది. 68000 వెనుక కొద్దిమంది అభిమానుల ఓపిక నిలిచినది. ధనము తగ్గినప్పుడు మొదటిది అనాథయైనది. ఓపిక తగ్గనందున రెండవది బ్రదికియున్నది. 386కు కర్త మమకారము కూడ అక్కరకు రాలేదు. యంత్రము పాతబడినంత మాత్రమున దాని కోడు చావదు. దానిని ఉదయమే తెరచి చూచి, నిన్న వచ్చిన మార్పుతో ఏమి చెడినదో వెదకి, సాయంకాలమునకు సరిచేయు మనుష్యుడు లేనప్పుడు చచ్చును.