బలిసిన కోడికి వచ్చే జబ్బు

కోడి చస్తే రైతు మొదట అనుమానించేది రాణీఖేత్‌నే. 2019 వేసవి సెలవుల్లో తణుకు దగ్గర మా మామయ్య ఫారానికి వెళ్లినప్పుడూ అంతే. "ఒరేయ్ డాక్టరూ, రోజూ రెండు మూడు పోతున్నాయి, రాణీఖేత్ ఏమో చూడరా" అన్నాడు. అప్పటికి నేను వెటర్నరీ మూడో సంవత్సరం విద్యార్థిని.

చచ్చినవి బక్కచిక్కినవి కావు. బాగా బలిసి, వరసగా గుడ్లు పెడుతున్నవి. తలమీది జుట్టు మాత్రం పాలిపోయింది. కోసి చూశాం. పొట్టనిండా కొవ్వు, ఎర్రగా ఉండవలసిన కాలేయం పసుపుపచ్చగా, నొక్కితే చితికిపోయేలా ఉంది, దాని మీద గడ్డకట్టిన నెత్తురు. ఇది అంటువ్యాధి కాదు. 1972లో వోల్ఫోర్డ్, పోలిన్ అనే శాస్త్రజ్ఞులు 'ఫాటీ లివర్ హెమరేజిక్ సిండ్రోమ్' అని పేరుపెట్టిన జబ్బు.

ఒక్క గుడ్డు పచ్చసొనలో సుమారు 5 గ్రాముల కొవ్వుంటుంది. అందులో చాలా భాగం కాలేయంలోనే తయారై, నెత్తురు ద్వారా అండాశయానికి చేరాలి. కొవ్వు నీళ్లలో కరగదు కదా! మాంసకృత్తులు, లెసిథిన్ కలిపి మూటకడితేనే కదులుతుంది. లెసిథిన్‌కు కోలిన్ కావాలి. మెథియొనైన్, బి12 దానికి సాయం చేస్తాయి. మొక్కజొన్నలో పిండిపదార్థం ఎక్కువ, కోలిన్ తక్కువ. కేజ్‌లో కోడికి తిరుగుడు లేదు. మూటకట్టే సరంజామా చాలక కొవ్వు కాలేయంలోనే పేరుకుపోతుంది. ఆ పైన గుడ్డు కోసం ముక్కినప్పుడు కాలేయం చిట్లి, లోపలే నెత్తురు కారి కోడి చస్తుంది. కాలేయం చేత కొవ్వు చేయించేది ఈస్ట్రోజెన్ హార్మోను గనుక, బాగా గుడ్లు పెట్టే కోళ్లకే ఈ ముప్పు.

టన్ను దాణాకు కిలో కోలిన్ క్లోరైడ్, 10,000 యూనిట్ల విటమిన్ ఇ, 12 మిల్లీగ్రాముల బి12, 900 గ్రాముల ఇనాసిటాల్ అని పుస్తకాల్లో ఒక పాత లెక్కుంది. ఇనాసిటాల్ ఖరీదెక్కువ, ఫలితం ఒకేలా ఉండదు. అందుకని అది మానేసి మెథియొనైన్ కాస్త పెంచాం. విటమిన్ ఇ కాలేయంలోని కొవ్వు ఆక్సీకరణం చెందకుండా అడ్డుకుంటుంది.

పదిహేను రోజులైనా చావులు ఆగలేదు. తప్పు నాదే. మూటలు కట్టే మనుషుల్ని పెంచాను గాని, లోపల పోగుపడే సరుకు తగ్గించలేదు. మొక్కజొన్న తగ్గిద్దామంటే మామయ్య, "గుడ్డు తగ్గితే బాంకు కిస్తీ నువ్వు కడతావురా?" అన్నాడు. అత్తయ్య సర్దిచెబితే ఒక షెడ్డుకు మాత్రం ఒప్పుకున్నాడు. కొంత మొక్కజొన్న తీసేసి తాజా తవుడు వేశాం. "కొవ్వు జబ్బుకి నూనె ఉన్న మేతా?" అని నవ్వాడు. మొత్తం శక్తి పెరగనివ్వకుండా చూసుకుంటే, మేతలోని నూనె నేరుగా సొనకు పనికొస్తుంది. పిండిని కొవ్వుగా మార్చే చాకిరీ కాలేయానికి తగ్గుతుంది. తవుడు ముక్కిపోయినదైతే మాత్రం లాభం లేదు. బూజుపట్టిన మొక్కజొన్న కూడా ఏరి పారేశాం, అఫ్లటాక్సిన్ కాలేయాన్నే దెబ్బతీస్తుంది గనుక.

నెలన్నరకు ఆ షెడ్డులో చావులు ఆగాయి. గుడ్లు పెద్దగా తగ్గలేదు. మిగతా షెడ్లకూ అదే మేత పెట్టించాడు మామయ్య.

ఇంకొక సంగతి. కోలిన్ క్లోరైడ్ చెమ్మ పీలుస్తుంది. విటమిన్ల పొడిలో కలిపి నిలవచేస్తే విటమిన్లు చెడిపోతాయి. మామయ్య ఇప్పుడు ఆ బస్తా వేరే గదిలో పెట్టిస్తున్నాడు. శనివారం శనివారం ఇరవై కోళ్లను తూకం వేసి నోటుబుక్కులో రాస్తాడు. బరువు ఎక్కువవుతోందనిపిస్తే నాకు ఫోను చేస్తాడు.