చిట్టెలుకయు మనమును

గాదెకడ మనము తఱుము చిట్టెలుకతో మనకు బాంధవ్యము గలదనిన నవ్వు వచ్చును. మన జీవకణములందు 23 జతల క్రోమోసోములును, చిట్టెలుకకు 20 జతలును గలవు. వానియందు జన్యువులు హారమునందలి పూసలవలె వరుసదీఱి యుండును. 2002లో ప్రకటింపఁబడిన పరిశోధనమున నీ రెండు వరుసలును పోల్పఁబడెను. మన 20వ క్రోమోసోములోని వరుస చిట్టెలుక 2వ క్రోమోసోమున నొక భాగమం దించుమించు చెదరక నిలిచినది. మన 17వ దాని జన్యువులన్ననో, చిట్టెలుక 11వ దానియందే యున్నను, త్రెగిన హారమును మరలఁ గ్రుచ్చినట్లు క్రమము మాఱినవి.

ఇందు మనకేమి ప్రయోజన మందురా? రొమ్ము క్యాన్సరునుండి కాపాడు బి.ఆర్.సి.ఏ.1 జన్యువు ఈ 17వ దానియందే కలదు. తల్లినుండి గాని తండ్రినుండి గాని చెడిన ప్రతి సంక్రమించిన స్త్రీకి ఆ వ్యాధిభయ మధికము. దాని జోడు చిట్టెలుకయందును గలుగుటచే పరిశోధనము సుకరమైనది. అయినను ఒక్క ప్రతి చెడినంతమాత్రమున చిట్టెలుకకు సాధారణముగా నా వ్యాధి రాదు. కావున వంశమున నీ వ్యాధి గలవారు, ఎలుకకు నయమైనదను వార్తలనే నమ్ముకొనక, వైద్యుని సంప్రదింపవలయును.