పక్షవాతం తర్వాత రెండు చేతుల పని

పక్షవాతానికి వైద్యం చేయించుకుని ఇంటికి వెళ్ళినవారు మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు తరచుగా ఒక మాట అంటారు: "సిస్టరమ్మా, రోజూ బంతి పిసుకుతున్న. చెయ్యి లేస్తంది గని, పని కాడికొచ్చేసరికి వస్తలేదు." మన పెద్దపల్లి వైపు బీడీలు చుట్టే స్త్రీలకు ఈ బాధ బాగా తెలుసు. ఇంటివారు దీన్ని బద్ధకం అనుకుంటారు. అది సరికాదు.

బీడీ చుట్టడం గమనించండి. ఒక చేయి తునికాకును పట్టి ఉంచితే రెండవది తంబాకు పోస్తుంది. తర్వాత రెండు చేతుల వేళ్ళూ కలిసి చుట్టాలి. దారం కట్టేటప్పుడు ఒకటి పట్టాలి, ఒకటి తిప్పాలి. ఒక చేయి ఎంత గట్టిగా పట్టాలన్నది రెండవ చేతి కదలికను బట్టి మారుతూ ఉంటుంది. బంతి పిసికేటప్పుడు ఇదేమీ ఉండదు.

నొజాకి, స్కాట్ తదితర పరిశోధకులు 2006లో ఒక పరీక్ష ఫలితాలు ప్రచురించారు. యంత్రం చేతిని నెడుతున్నా తట్టుకుని గురి చేరడం కొందరికి నేర్పారు. తర్వాత రెండవ చేతిని కూడా కదపమన్నారు. అదే చేయి, అదే దారి, అయినా నేర్చుకున్నదానిలో కొంత మాత్రమే అక్కరకు వచ్చింది. ఒంటిచేతి పనిని, జంటచేతుల పనిని మెదడు కొంతవరకు వేరువేరుగా నేర్చుకుంటుందన్నమాట. ఈ పరీక్ష ఆరోగ్యవంతుల మీద జరిగింది, రోగుల మీద కాదు. అయినా మేము వార్డులో చూసేదానికి దగ్గరగానే ఉంది.

బంతి మానవద్దు. అయితే చేయి కాస్త కదలడం మొదలైనాక, ఫిజియోథెరపిస్టు సరేనంటే, రెండు చేతుల పనులు కూడా మొదలుపెట్టండి. మొదట బలహీనమైన చేయి ప్లాస్టిక్ గ్లాసు పట్టుకుంటే చాలు, మంచి చేయి నీళ్ళు పోస్తుంది. తరువాత తువ్వాలు మడతపెట్టడం, చిక్కుడుకాయలు వలవడం, పిండి పిసకడం. ఆలస్యమవుతుందని ఇంటివారు లాక్కుని తామే చేసేయకండి. ఆ చేతిని పట్టి గుంజకండి, భుజం దెబ్బతింటుంది. స్పర్శ తెలియని చేతిని పొయ్యి దగ్గరకు, కత్తెర దగ్గరకు పోనివ్వవద్దు. కాలినా, తెగినా వారికి తెలియదు.

బీడీ చుట్టమన్నాను గాని కాల్చమనలేదు. పొగ తాగితే పక్షవాతం మళ్ళీ వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

ఈసారి వచ్చేటప్పుడు చాట, నాలుగు ఆకులు, దారం వెంట తెచ్చుకోండి. ఫిజియోథెరపిస్టు ముందు చుట్టి చూపిస్తే, ఏ వేలు ఎక్కడ ఆగుతున్నదో వారికి తెలుస్తుంది.