39 శాతం ఓట్లకు ఎన్ని సీట్లు?

శాసనసభ ఎన్నికల ఓట్ల లెక్కింపు రోజున టీవీ తెర మీద రెండు రకాల అంకెలు కనిపిస్తాయి. పెద్ద అక్షరాలలో సీట్లు. అడుగున, ఎప్పుడో మధ్యాహ్నం దాటాక, చిన్న అక్షరాలలో ఓట్ల శాతాలు. మన చూపు సీట్ల మీదే ఉంటుంది. ప్రభుత్వం ఏర్పడేది వాటితోనే కాబట్టి అది సహజం కూడా. ఈ పాఠంలో మాత్రం చిన్న అక్షరాల అంకెలతో మొదలుపెడదాం.

ఈ మూడు ఫలితాలను పక్కపక్కన రాసుకోండి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం పార్టీకి 39.17 శాతం ఓట్లు వచ్చాయి. 175 స్థానాలలో ఆ పార్టీ గెలిచినవి 23. 2023లో తెలంగాణలో కాంగ్రెస్ పార్టీకి 39.40 శాతం ఓట్లు వచ్చాయి. 119 స్థానాలలో 64 గెలిచి ఆ పార్టీ ప్రభుత్వం ఏర్పాటు చేసింది. 2024లో మళ్ళీ ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీకి 39.37 శాతం ఓట్లు వచ్చాయి. గెలిచినవి 11.

మూడుచోట్లా దాదాపు ఒకే శాతం. ఒకరికి అధికారం, ఒకరికి ఘోర పరాజయం, ఇంకొకరికి అంతకంటే ఘోరమైన పరాజయం. లెక్కింపులో పొరపాటేమీ లేదు. మరి ఇది ఎలా సాధ్యం?

మన రాజ్యాంగం ప్రకారం శాసనసభ ఎన్నిక అంటే ఒక ఎన్నిక కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అది ఒకేసారి జరిగే 175 వేర్వేరు ఎన్నికలు. ప్రతి నియోజకవర్గంలో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన వ్యక్తి గెలుస్తాడు. సగానికి పైగా రావాలన్న నియమం లేదు. ఒక్క ఓటు ఎక్కువైనా చాలు. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో గెలిచిన అభ్యర్థికి 62,216 ఓట్లు వస్తే, ఓడిన సి.పి. జోషీకి 62,215 వచ్చాయి. ఆ 62,215 ఓట్లూ శాసనసభలో ఒక్క కుర్చీగా కూడా మారలేదు.

ఒక చిన్న లెక్క చేయండి. అయిదు నియోజకవర్గాలు, ఒక్కొక్క దాంట్లో 100 మంది ఓటర్లు, రెండే పార్టీలు అనుకుందాం. ప్రతిచోటా మొదటి పార్టీకి 51, రెండో పార్టీకి 49 వస్తే, మొదటి పార్టీ అయిదుకు అయిదూ గెలుస్తుంది. రెండో పార్టీకి మొత్తం 245 ఓట్లు, అంటే 49 శాతం, సీట్లు సున్నా. ఇప్పుడు ఆ 245 ఓట్లనే మరోలా సర్దండి: మూడు చోట్ల 60 చొప్పున, మిగిలిన రెండు చోట్ల 32, 33. ఒక్క ఓటు కూడా పెరగలేదు, కాని రెండో పార్టీ మూడు సీట్లతో ప్రభుత్వంలోకి వచ్చింది! కాబట్టి ఎన్ని ఓట్లు వచ్చాయన్నది ఒక ప్రశ్న అయితే, అవి ఎక్కడ పడ్డాయన్నది దానికి ఏ మాత్రం తీసిపోని మరో ప్రశ్న.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. 2018లో మధ్యప్రదేశ్‌లో భారతీయ జనతా పార్టీకి 41.02 శాతం ఓట్లు, 109 సీట్లు వచ్చాయి. కాంగ్రెస్‌కు 40.89 శాతం ఓట్లు, 114 సీట్లు వచ్చాయి. ఓట్లలో వెనుకబడిన పార్టీ సీట్లలో ముందుంది.

ఇక ఆంధ్రప్రదేశ్ సంగతికి వద్దాం. మీ ఊరి చెరువు ఎండిపోయిన వేసవిలో దాని అడుగు చూసే ఉంటారు. అక్కడక్కడా మట్టి దిబ్బలు ఉంటాయి. దిబ్బలు రకరకాల ఎత్తుల్లో ఉంటే, వాన పడి నీరు ఒక అడుగు పెరిగినప్పుడు ఒకటి రెండు మునుగుతాయి, మిగతావి నిలుస్తాయి. అన్నీ దాదాపు ఒకే ఎత్తులో ఉంటే? నీరు ఆ ఎత్తుకు చేరేదాకా ఒక్కటీ మునగదు. చేరి, ఇంకో అడుగు పెరిగితే దాదాపు అన్నీ ఒకేసారి మునిగిపోతాయి. ఇక్కడ నీరు రాష్ట్రవ్యాప్తంగా వీచే గాలి, దిబ్బలు నియోజకవర్గాలు. ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవలి ఎన్నికల్లో ప్రధాన పక్షాల బలం రాష్ట్రమంతటా ఇంచుమించు సమంగా పరుచుకుని ఉంది. కంచుకోటలు అనే మాట మనం తరచుగా వాడతాం గాని, అంకెలు చూస్తే నిజమైన ఎత్తైన దిబ్బలు కొన్నే.

2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 49.95 శాతం ఓట్లు, 151 సీట్లు వచ్చాయి. తెలుగుదేశం కంటే దాదాపు 11 శాతం ముందుంది. అంటే ఏదైనా ఒక నియోజకవర్గంలో తెలుగుదేశం గెలవాలంటే, అక్కడ రెండు పార్టీల మధ్య తేడా రాష్ట్ర సగటు కంటే 11 శాతానికి మించి ఆ పార్టీకి అనుకూలంగా ఉండాలి. అంత ఎత్తున్నవి 23 మాత్రమే. 2024లో తెలుగుదేశం 45.60, జనసేన 6.85, భారతీయ జనతా పార్టీ 2.83, కలిపి 55.28 శాతం. ఈసారి తేడా దాదాపు 16 శాతం. దానికి మించి నిలబడినవి 11. కూటమికి 164 సీట్లు.

మూడు పార్టీలు కలవడం వల్లనే ఈ ఫలితం వచ్చిందని చాలామంది అంటుంటారు. లెక్క వేసి చూడండి. 2019లో ఈ మూడింటి ఓట్లు 39.17, 5.53, 0.84; కలిపితే 45.54 శాతం. అప్పటి 49.95 కంటే అది తక్కువే. పొత్తు ఒక్కటే అయితే కూటమి ఇంకా వెనకే ఉండేది. దాని మీద మరో 10 శాతం దాకా ఓట్లు అటు నుంచి ఇటు మారాయి. నూటికి పది మంది మనసు మార్చుకున్నట్టు. ఆ పది మందితో, పొత్తుతో కలిపి, ఒక పార్టీ సీట్లు 151 నుంచి 11కు, అంటే 140 తగ్గాయి. 175లో 140 అంటే 80 శాతం. నూటికి 80 మంది ఆ పార్టీని వదిలేశారని సీట్లను చూసి అనుకుంటే, అది పూర్తిగా తప్పుడు చదువు. ఆ పార్టీకి 2024లో కోటీ 30 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి.

గణితం ఇష్టపడేవారి కోసం ఇంకొక మాట. ఓట్ల నిష్పత్తి నుంచి సీట్ల నిష్పత్తిని అంచనా వేసే ఘన నియమం ఒకటి ఉంది. బ్రిటన్‌లో 20వ శతాబ్దం తొలినాళ్ళ నుంచి చర్చలో ఉన్న దీనిని 1950లో కెండల్, స్టూవర్ట్ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు పరిశీలించారు. రెండు పక్షాల ఓట్ల నిష్పత్తిని మూడుసార్లు గుణిస్తే సీట్ల నిష్పత్తి వస్తుందని దాని సారాంశం. 2019లో ఓట్ల నిష్పత్తి 1.275. దాని ఘనం దాదాపు 2.07. ఆ లెక్కన తెలుగుదేశానికి సుమారు 57 సీట్లు రావాలి, వచ్చినవి 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు సుమారు 46 రావాలి, వచ్చినవి 11. ఘనం సరిపోలేదు. నేను కాలిక్యులేటర్ పట్టుకుని చూస్తే, రెండుసార్లూ దాదాపు ఎనిమిదో ఘాతం సరిపోయింది! రెండు ఎన్నికలతో నియమం కట్టకూడదు, అది శాస్త్ర పద్ధతి కాదు. కాని దిబ్బలు ఎంత సమంగా ఉన్నాయో చెప్పడానికి ఈ అంకె చాలు.

మరి తెలంగాణలో అదే 39 శాతం అధికారం ఎలా ఇచ్చింది? అక్కడ రెండో స్థానంలో ఉన్న భారత రాష్ట్ర సమితికి వచ్చినవి 37.35 శాతం, 39 సీట్లు. భారతీయ జనతా పార్టీ 13.90 శాతం తీసుకుంది. మూడో పక్షం బలంగా ఉన్నచోట గెలుపు గీత కిందికి దిగుతుంది. 40 శాతం లోపు ఓట్లు కూడా చాలా చోట్ల సరిపోతాయి. హైదరాబాద్ జిల్లాలోని 15 స్థానాలలో కాంగ్రెస్ ఒక్కటీ గెలవలేదు, అయినా బయట జిల్లాల బలంతో గట్టెక్కింది. అదే ఎన్నికలో మజ్లిస్ పార్టీ 2.22 శాతం ఓట్లతో 7 సీట్లు గెలిచింది. దానికి ఆరు రెట్లకు పైగా ఓట్లు వచ్చిన భారతీయ జనతా పార్టీకి 8 మాత్రమే. మజ్లిస్ ఓట్లన్నీ పాతబస్తీ చుట్టుపక్కలే కుప్పగా ఉన్నాయి. భారతీయ జనతా పార్టీ ఓట్లు రాష్ట్రమంతటా చల్లినట్టున్నాయి. జనసేన కథ ఇంకా స్పష్టం. 2019లో 5.53 శాతానికి ఒకే సీటు, రాజోలు. 2024లో 6.85 శాతానికి 21. పోటీ చేసిన 21 చోట్లా మిత్రపక్షాల ఓట్లు తోడై, అక్కడ సగటున 57 శాతం దాకా వచ్చాయి.

ఇదంతా అంకెల వినోదం కాదు. శాసనసభలో ప్రతిపక్ష నాయకుడి హోదాకు సభ్యులలో పదో వంతు బలం ఉండాలన్నది మన చట్టసభల్లో పాటిస్తూ వస్తున్న సంప్రదాయం. 175లో పదో వంతంటే 18. 2024లో 11 మంది సభ్యులున్న పార్టీ ఆ హోదా అడిగింది, దక్కలేదు, వివాదం హైకోర్టుకు వెళ్ళింది. రాజ్యసభ సంగతీ అంతే. అక్కడి సభ్యులను ఎన్నుకునేది ఎమ్మెల్యేలు కాబట్టి, శాసనసభలోని అసమానత ఢిల్లీ దాకా ప్రయాణిస్తుంది. 2024 ఏప్రిల్ నాటికి ఆంధ్రప్రదేశ్‌కున్న 11 రాజ్యసభ స్థానాలూ వైఎస్సార్ కాంగ్రెస్‌వే. 2019లో కోటీ 20 లక్షలకు పైగా ఓట్లు పొందిన తెలుగుదేశానికి అక్కడ ఒక్కరూ లేరు.

ఓట్ల శాతం ప్రకారమే సీట్లు పంచేస్తే పోలేదా, అని మీరు అడగవచ్చు. అలా చేస్తే 2019లో తెలుగుదేశానికీ, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కూ సుమారు 69 చొప్పున వచ్చేవి. జర్మనీలోని రాష్ట్రాల శాసనసభలు దాదాపు ఈ పద్ధతిలోనే ఏర్పడతాయి. అయితే మరీ చిన్న పార్టీలు సభను ముక్కలు చేయకుండా అక్కడ 5 శాతం గడప ఒకటి పెట్టారు. 2022 మార్చిలో జార్లాండ్ అనే చిన్న రాష్ట్రంలో గ్రీన్ పార్టీ ఆ గడపను 23 ఓట్ల తేడాతో దాటలేకపోయింది. గడప బయట ఆగిపోయిన పార్టీల ఓట్లన్నీ కలిపితే మొత్తంలో అయిదో వంతుకు మించాయి. ఫలితంగా సోషల్ డెమోక్రాట్లకు 43.5 శాతం ఓట్లతోనే 51లో 29 సీట్లు, సొంత మెజారిటీ! నా మటుకు నాకు, పెంచి చూపే అద్దం లేని ఎన్నికల పద్ధతి ఎక్కడా కనిపించలేదు. మన అద్దం కొంచెం ఎక్కువ పెంచుతుంది. బదులుగా, రోడ్డు పాడైతే వెళ్ళి నిలదీయడానికి ప్రతి నియోజకవర్గానికీ ఒక మనిషి ఉంటాడు.

మీకొక పని. ఎన్నికల ప్రధానాధికారి కార్యాలయం ప్రతి నియోజకవర్గానికీ పోలింగ్ కేంద్రాల వారీగా ఫారం 20 అనే ఫలితాల పట్టిక ప్రకటిస్తుంది. మీ నియోజకవర్గానిది తీసుకుని, వరుసగా రెండు ఎన్నికలకు మొదటి రెండు పక్షాల మధ్య తేడా శాతంలో లెక్కించండి. అందులోంచి రాష్ట్రవ్యాప్త తేడా తీసివేయండి. మిగిలిన అంకె రెండుసార్లూ దగ్గరగా ఉంటే, మీ దిబ్బ ఎత్తు మారలేదు, నీటి మట్టమే మారింది. అంకె బాగా మారితే స్థానిక కారణం వెతకండి: అభ్యర్థి మారాడా, పొత్తు కుదిరిందా, మూడో అభ్యర్థి ఎవరైనా గట్టిగా నిలబడ్డారా?