పొడుగంతా థర్మామీటరే అయిన దారం

వాకిలి దగ్గర థర్మామీటరు 25 చూపిస్తుంది, పై తట్టు పురుగు మాత్రం వేడికి మేత వదిలేస్తుంది. నాలుగో జ్వరం లేచాక ఆ తేడా గూటి బరువులో తెలిసిపోతుంది కదా అన్నా.

కిలోమీటర్ల కొద్దీ చమురు పైపులు, పూడ్చిన కరెంటు కేబుళ్లు చూసుకునేవాళ్లకూ ఇదే బాధ. ఎన్ని చోట్లని థర్మామీటర్లు పెడతారు? వాళ్లు పొడుగునా గాజు దారం వేస్తారు. ఇంటర్నెట్టుకు వేసే ఫైబర్ లాంటిదే, మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. మన గూటి పోగు అంతకన్నా చాలా సన్నం లెండి.

ఒక కొస నుంచి లేజర్ వెలుగును క్షణంలో కొట్టి ఆపుతారు. దారి పొడుగునా రవ్వంత వెలుగు వెనక్కి చెదురుతుంది. కిలోమీటరు అవతలి నుంచి తిరిగి రావడానికి సెకనులో లక్షో వంతు పడుతుంది. ఆ లెక్కతో చోటు తెలుస్తుంది. వేడి ఉన్నచోట, నీలం వైపు రంగు మారిన వెలుగు పెరుగుతుంది. 1928లో సి.వి. రామన్ కనిపెట్టింది ఈ రంగు మార్పునే. విశాఖలో బడి చదివి, బెంగళూరులో స్థిరపడిన మనిషి.

ఇంకా దూరానికి, దారం సాగిందా అని చూడటానికి బ్రిల్వాన్ పద్ధతి ఉంది. చిక్కేమంటే అది వేడికీ మారుతుంది, సాగినా మారుతుంది. అందుకే పక్కనే గొట్టంలో వదులుగా ఇంకో దారం వేస్తారు. అది సాగదు, వేడి ఒక్కటే చెబుతుంది.

మన షెడ్డుకు ఆ యంత్రం అక్కర్లేదు. పైతట్టుకొకటి, నడుమకొకటి, కిందకొకటి థర్మామీటరు కట్టండి. తేమకు తడిగుడ్డ చుట్టినది వేరేగా ఉండాలి.