దుప్పిపిల్లకు చెవిపోగు



మేము ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఒక క్షేత్రమున నెల్లూరుజాతి గొఱ్ఱె యొకటి తెల్లవారుజామున ఈనెను. పిల్లయొక్క ఒడలి తడి ఆరకముందే మేము దానిని ఎత్తి తుడిచితిమి, తూచితిమి, చెవికి పోగు వేసితిమి. చూడవచ్చిన నలుగురి చేతులు మారిన పిమ్మట, అరగంటకు తల్లికడ విడిచితిమి. తల్లి వాసన చూచి వెనుకకు తగ్గెను. మరల దగ్గఱకు వచ్చిన పిల్లను తలతో కుమ్మెను. సీసాతో పాలు పట్టినను నాలుగవనాడు పిల్ల చనిపోయెను. మా పుస్తకములో దాని సంఖ్య, తూకము, పుట్టిన దినము అన్నియు సరిగా ఉండెను. పిల్ల మాత్రము లేదు. దోషము చెవిపోగుది కాదు, మా తొందరది.

ఈ పాఠమును న్యూజీలాండు దేశపు దుప్పిపెంపకము వారు ప్రతి సంవత్సరమును జ్ఞాపకము చేసికొనుచుందురు. వారు పెంచునది సగము అడవిమృగము గనుక, అచ్చట తప్పునకు శిక్ష వెంటనే కనబడును.

ఆ దేశమున పూర్వము దుప్పులు లేవు. 1851 మొదలుకొని ఇంగ్లీషువారు తమ దేశమునుండి ఎఱ్ఱదుప్పులను తెచ్చి వేటకై విడిచిరి. ఇవి మన కణుజునకు చుట్టములు. వానిని తిను క్రూరమృగము లేనందున అవి మిక్కిలి పెరిగి అడవులను పాడుచేసెను. ప్రభుత్వము వానిని చీడగా ఎంచి చంపించెను. 1960 తరువాత హెలికాప్టర్లనుండియు వేటాడిరి. తుదకు 1969లో చట్టము మార్చి వానిని కంచెలలో పెంచుటకు అనుమతించిరి. ఆ విధముగా చీడయే పాడియైనది. ఇప్పుడు మాంసమునకును, లేతకొమ్ములకును అక్కడి రైతులు దుప్పిమందలను మేపుచున్నారు. కంచె ఎత్తు సుమారు రెండు మీటర్లు ఉండవలయును.

ఎఱ్ఱదుప్పి చూలు సుమారు 233 దినములు. అచ్చట వేసవి ఆరంభమగు నవంబరు, డిసెంబరు నెలలలో ఈనును. సాధారణముగా పిల్ల ఒక్కటే. తూకము సుమారు 8 మొదలు 10 కిలోగ్రాములు. ఒంటిమీద తెల్లని చుక్కలుండును. తల్లి దానిని నాకి ముఱ్ఱుపాలిచ్చి, గడ్డిలో పండుకొనబెట్టి దూరముగా మేతకు పోవును. దినమునకు కొన్ని పర్యాయములు మాత్రమే వచ్చి పాలిచ్చును. పిల్ల కదలదు, అరవదు. దాని ఒంటివాసనయు మిక్కిలి స్వల్పము. శత్రువునుండి దానిని కాపాడునది ఈ దాగుడే. ఎఱుగనివాడు దానిని దిక్కులేని పిల్లయని తలచి ఎత్తుకొనును. నిజమునకు తల్లి దూరమునుండి చూచుచునే యుండును.

పోగు వేయు పని ఈ స్వభావమునకు లోబడి జరుగవలయును. ఈనిన మొదటి కొన్నిగంటలు ఎవరును ఆ మడికి పోరాదు. తల్లియు పిల్లయు ఒకదానినొకటి ఎఱుగు కాలమది. మూడుదినములు దాటినచో పిల్ల పరుగెత్తి చేతికి దొరకదు, బెదరి కంచెలో చిక్కుకొనును. కావున నడుమనున్న ఒకటి రెండు దినములే తగిన అదను.

ఇద్దఱు పోవలయును. ఒకడు పని చేయును. రెండవవాడు తల్లిని కనిపెట్టుచుండును. పిల్ల అఱచెనా, తల్లియే కాక మందలోని తక్కిన దుప్పులును పరుగెత్తివచ్చి ముందుకాళ్లతో కొట్టగలవు. చేతులకు తొడుగులు వేసికొని, వానిని అచ్చటి గడ్డితో రుద్దుట మంచిది. పిల్లను మోసికొనిపోరాదు, పడియున్నచోటనే మోకాళ్లమీద కూర్చుండి పని ముగింపవలయును. పోగును, పట్టకారును మందునీటిలో ముంచి, చెవి నడుమ రక్తనాళము తగులకుండ వేయవలయును. చెవి పెరుగును గనుక పోగు బిగువుగా ఉండరాదు. ఆడయో మగయో చూచి, సంచిలో తూచి, అదే గడ్డిలో అదే విధముగా పండుకొనబెట్టి, వెనుదిరిగి చూడక వచ్చివేయవలయును. పిదప దూరదర్శినితో రెండు సంగతులు చూతురు: తల్లి తిరిగి వచ్చెనా? దాని చెవిపోగు సంఖ్య ఏది? ఆ సంఖ్యను పిల్లసంఖ్య ప్రక్కన వ్రాసికొన్నగాని పని ముగిసినట్లు కాదు. ఏ తల్లి పిల్ల బాగుగా ఎదిగెనో తెలియనిదే మంద బాగుపడదు.

ఈ శ్రమయు అపాయమును తలచి కొందఱు పుట్టినప్పుడు పిల్లను తాకనే తాకరు. పాలు మాన్పించునాడు పోగు వేసి, డి.ఎన్.ఎ. పరీక్షచే తల్లిదండ్రులను తెలిసికొందురు. ఏనాడు వేసినను పోగు మాత్రము తప్పదు. పశువుల క్షయవంటి రోగము కనబడినచో అది ఏ మందనుండి వచ్చెనో తెలియుటకై, 2013 మార్చి 1 నుండి అచ్చట దుప్పులకు సంఖ్యగల పోగు చట్టముచే విధింపబడినది.

ఇక మన సంగతి. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము జింకలను, దుప్పులను పట్టుటగాని పెంచుటగాని నేరము. కర్నూలు, నారాయణపేట ప్రాంతముల చేలలో కృష్ణజింకలు తిరుగును. వాని పిల్లలును ఇట్లే దాగి పడియుండును. మీ చేలో అట్టి పిల్ల కనబడినచో జాలితో ఎత్తుకొనకుడు. కుక్కలను కట్టివేసి, కూలీలను దూరముగా తీసికొనిపొండు. గాయముండినచో అటవీశాఖవారికి తెలుపుడు.

మీ దొడ్డిలోని గొఱ్ఱెపిల్లకు, మేకపిల్లకు, దూడకు మాత్రము ఈ పద్ధతి యావత్తును పనికివచ్చును. తల్లిని నాకనిండు. మొదటి గంట రెండుగంటలలో ముఱ్ఱుపాలు త్రాగనిండు. బొడ్డునకు టింక్చరు అయోడిన్ అద్దుడు. పోగు వేయదలచినచో తల్లి పిల్లను చేరదీసిన మఱునాడు వేయుడు. వాసన సబ్బుతో చేతులు కడిగికొని పోకుడు. తల్లి కంటికెదురుగనే పని చేయుడు. పశువులకు, గేదెలకు పండ్రెండంకెల చెవిపోగు మన దేశముననే వచ్చియున్నది. 2019లో ప్రారంభమైన గాలికుంటు టీకాల కార్యక్రమమున దానినే గుర్తుగా వాడిరి. భీమా సొమ్ము అడుగునపుడును మొదట చూచునది ఆ సంఖ్యనే. దానిని బరువనుకొని కోసివేయువారు తమ సొమ్మునే కోసికొనుచున్నారు.

మా చేతిలో చనిపోయిన ఆ గొఱ్ఱెపిల్ల మాకు నేర్పినది ఒక్కటే. పిల్లను తాకుట ఎంత తక్కువైన అంత మేలు. దానిని గూర్చి వ్రాసికొనుట ఎంత పూర్తియైన అంత మేలు. రానున్న ఈతలకాలమున సభ్యులందఱును ఒక చిన్నపుస్తకమును దొడ్డి గుంజకు వ్రేలాడగట్టి, పిల్ల సంఖ్య ప్రక్కన తల్లి సంఖ్య వ్రాయ మొదలిడుదురని మా మనవి.