ఆండ్రాయిడా, ఐఫోనా? ముందు ఆ తేదీ చూడండి

కొత్త ఫోన్ మాట వచ్చిందంటే ప్రతి ఇంట్లోనూ ఈ పేచీ తప్పదు. అబ్బాయి ఐఫోనే కావాలంటాడు. నాన్న ధర చూసి నీళ్లు నములుతాడు. బామ్మేమో "నాకు వాట్సాప్ వస్తే చాలర్రా" అంటుంది. కెమెరా గురించి, రంగుల గురించి చెప్పడానికి దుకాణంలో బోలెడుమంది ఉన్నారు. నేను లోపలి సంగతి చెబుతాను, ఇలా వచ్చి కూర్చోండి.

పైకి ఎడమొహం పెడమొహంగా కనిపిస్తాయి గానీ రెండిటి మూలమూ ఒకటే. 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్ పద్ధతిలోనే రెండూ నడుస్తాయి. ఐఫోన్ 2007లో వచ్చింది, మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ 2008లో. ఐఫోన్‌లో ఫోనూ, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేరూ రెండూ ఆపిల్ చేతిలోనే ఉంటాయి. ఆండ్రాయిడ్‌ని గూగుల్ తయారుచేస్తే, దాన్ని తీసుకుని శామ్‌సంగ్, వివో, షావోమీ ఎవరికి తోచినట్టు వాళ్లు దిద్దుకుంటారు. మిగతా తేడాల్లో చాలామటుకు ఇక్కణ్నుంచి పుట్టినవే.

వాడుక సంగతి త్వరగా తేల్చేద్దాం. ఐఫోన్ ఏది కొన్నా లోపలి అమరిక ఒకేలా ఉంటుంది కాబట్టి ఒకసారి నేర్చుకుంటే చాలు. ఆండ్రాయిడ్‌లో కంపెనీ మారితే సెట్టింగులు వెతుక్కోవాలి. కానీ పదివేల రూపాయల్లోనూ ఫోన్ దొరుకుతుంది, వెనక్కి వెళ్లడానికి అడుగున బటన్లు కావాలంటే ఉంచుకోవచ్చు. అలవాటు పడితే రెండూ సులువే.

అసలు కథ భద్రతది. ఫోన్‌ని ఒక వాటాల ఇల్లు అనుకోండి. ఒక్కో యాప్ ఒక్కో వాటాలో అద్దెకుంటుంది. ఒకరి గదిలోకి ఇంకొకరు తొంగిచూడ్డానికి వీల్లేదు. ఆండ్రాయిడ్ అయితే ప్రతి యాప్‌కీ 10,000 నుంచి మొదలయ్యే ఒక నంబరు ఇచ్చి, ఆ నంబరు వాళ్ల సామాను ఇంకొకరు ముట్టుకోకుండా కాపలా కాస్తుంది. ఐఫోన్‌లోనూ ఇలాంటి గోడలే ఉన్నాయి. కెమెరా, మైకు, లొకేషన్ ఉమ్మడి సొత్తు. అవి కావాలంటే యజమానిని, అంటే మిమ్మల్ని, అడగాల్సిందే. ఏ యాపైనా కెమెరా వాడుతుంటే పైన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. ఐఫోన్‌లో 2020 నుంచి, ఆండ్రాయిడ్‌లో 2021 నుంచి ఈ ఏర్పాటు ఉంది. మీరు ఫొటో తీయకుండానే ఆ చుక్క వెలిగిందంటే ఏ యాప్ పనో ఆరా తీయండి.

మరి దొంగలు ఎలా వస్తున్నారంటారా? చాలాసార్లు మనమే తలుపు తీస్తున్నాం. వాట్సాప్‌లో పెళ్లి పత్రిక అనో, బండి చలానా అనో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర "ఏపీకే" అని మూడక్షరాలు ఇంగ్లిషులో ఉంటాయి. అది పత్రికా కాదు, చలానా కాదు, ఒక యాప్. నొక్కితే మెసేజ్‌లు చదవనిమ్మంటుంది, ఆ తర్వాత యాక్సెసిబిలిటీ కావాలంటుంది. చూపులేనివాళ్లకు తెర మీద ఉన్నది చదివి వినిపించడం లాంటి పనుల కోసం పెట్టిన సౌకర్యం అది. దొంగ యాప్‌కి ఆ అనుమతి ఇచ్చామంటే అన్ని వాటాల తాళాలగుత్తీ చేతికిచ్చినట్టే. తెర మీదికొచ్చే ఓటీపీ చదువుతుంది, మన బదులు బటన్లూ నొక్కేస్తుంది. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ బయటి యాప్‌లు వేసుకునే వీలుంది కాబట్టి ఈ బెడద దానికే ఎక్కువ. మన దగ్గర ఐఫోన్‌లో మామూలుగా యాప్ స్టోర్ దాటి యాప్ దిగదు. పొరపాటున డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా 1930కి ఫోన్ చేయండి.

అలాగని ఐఫోన్‌కి ఢోకా లేదనుకోకండి. 2021లో పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ ఐఫోన్లలోకి ఎలా దూరిందో తెలుసా? ఒక మెసేజ్ రూపంలో. యజమాని దాన్ని ముట్టుకోనక్కర్లేదు కూడా. అంతకుముందు 2018 ఫిబ్రవరిలో మన తెలుగక్షరమే ఐఫోన్‌కి చుక్కలు చూపించింది. "జ్ఞ"కీ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక కోడు చేరితే, దాన్ని తెర మీద గీయలేక మెసేజ్‌ల యాప్ కుప్పకూలేది. మామూలుగా "జ్ఞానం" అని రాస్తే ఏమీ అయ్యేది కాదు. అదే నెల 19న ఆపిల్ 11.2.6 అప్‌డేట్ విడుదల చేసి దాన్ని సరిచేసింది.

ఇక్కడే ఉంది కిటుకు. లక్షల వరుసల కోడు రాస్తే తప్పులు దొర్లకుండా ఉండవు. వాటి దిద్దుబాటు మన ఫోన్‌కి ఎంత త్వరగా వస్తుంది, ఎన్నేళ్లపాటు వస్తుంది అన్నదే ప్రశ్న. ఆపిల్ విడుదల చేసిన రోజే అందరికీ అందుతుంది. 2013 నాటి ఐఫోన్ 5ఎస్‌కి 2023 జనవరిలో కూడా సెక్యూరిటీ అప్‌డేట్ ఇచ్చారు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ నెలనెలా దిద్దుబాట్లు ప్రకటిస్తుంది. ఫోన్ కంపెనీ వాటిని తన ఫోన్లకి సరిపెట్టి పంపాలి, ఆలస్యమంతా అక్కడే. ఇప్పుడు కొంత నయం. గూగుల్ 2023లో పిక్సెల్ 8కీ, శామ్‌సంగ్ 2024లో ఎస్24కీ ఏడేళ్లపాటు అప్‌డేట్లు ఇస్తామన్నాయి. చవక ఫోన్లకి ఆ భాగ్యం తక్కువ.

ఇంకో పనికొచ్చే సంగతి చెప్పి వదిలేస్తాను. బొమ్మలు చూపించమని చంటాడు మారాం చేస్తే ఫోన్ చేతికిస్తారు కదా. వాడు కాసేపటికి ఆఫీసు బాస్‌కి ఫోన్ కలుపుతాడు. ఆండ్రాయిడ్‌లో "యాప్ పిన్నింగ్", ఐఫోన్‌లో "గైడెడ్ యాక్సెస్" అని ఉన్నాయి. ముందుగా సెట్టింగుల్లో ఆన్ చేసి పెట్టుకుంటే, మీరు విడిపించేదాకా తెర మీద ఆ ఒక్క యాపే ఉంటుంది. ఇందులో రెండిటికీ సమాన మార్కులు.

కాబట్టి ఈసారి దుకాణానికి వెళ్తే కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని కాదు, "ఈ ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయి?" అని అడగండి. ఇంట్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌నీ ఓసారి చూడండి. సెట్టింగుల్లో ఫోన్ వివరాల దగ్గర సెక్యూరిటీ అప్‌డేట్ అని, పక్కన ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీ ఏడాది దాటిపోయి, కొత్త అప్‌డేటేదీ రాకపోతే, ఆ ఫోన్‌లో పాటలు వినండి, పంచాంగం చూసుకోండి. బ్యాంకు పనులు మాత్రం పెట్టుకోకండి.